గ్రైండర్, డ్రిల్లు, మార్బుల్ కట్టర్ కార్డు పాడైతే: టేపు చుట్టాలా, కోసి బిగించాలా, కొత్తది వేయాలా?

చేతి మిషన్ల కార్డు నడిమధ్యలో చెడిపోవడం తక్కువ. మిషన్ వెనక రబ్బరు గొట్టంలా ఉండే కార్డ్ గార్డు దగ్గరో, ప్లగ్గులోకి దూరే చోటో చెడుతుంది. పనిలో పదేపదే వంగేది అక్కడే. పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు మాత్రం ఒక్కొక్కటే తెగుతుంటాయి. సగం పోగులు తెగాక మిగిలిన సగం మీదే కరెంటంతా పడుతుంది. అక్కడ వేడి పుట్టి లోపలి ఇన్సులేషన్ పెళుసెక్కుతుంది. కార్డు ఇటు వంచితే తిరిగి, అటు వంచితే ఆగే దశ వచ్చిందంటే లోపల మిగిలింది నాలుగైదు పోగులే అనుకోవచ్చు.

అందుకే కార్డు మార్చేటప్పుడు ఏ కేబుల్ కొనాలన్నది సగం ప్రశ్నే. కొత్త కేబుల్‌ను మిషన్ గార్డు, క్లాంపు (లోపల కార్డును నొక్కి పట్టే ముక్క) ఎంత గట్టిగా పట్టుకుంటాయన్నది మిగతా సగం. ఖరీదైన కేబుల్ వేసి క్లాంపు స్క్రూలు వదిలేస్తే నెలల్లోనే మళ్లీ అదే చోట తెగుతుంది. మామూలు కేబులే అయినా సరిగ్గా బిగిస్తే ఏళ్లు పనిచేస్తుంది.

తప్పు కార్డుదేనా?

మిషన్ ఆగి ఆగి నడుస్తోందంటే కార్బన్లు అరిగి ఉండొచ్చు, స్విచ్ పాయింట్లు కాలి ఉండొచ్చు. కార్బన్లు చివరికొస్తే గాలి రంధ్రాల్లోంచి రవ్వలు ఎక్కువగా కనిపిస్తాయి, మిషన్‌ను తడితే కాసేపు తిరుగుతుంది. స్విచ్ పోతే, నొక్కే బలాన్ని బట్టి తేడా వస్తుంది. కార్డు పోతే, కార్డు వంపును బట్టి తేడా వస్తుంది.

తేల్చుకోవాలంటే ప్లగ్గు పీకేసి మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, దాని రెండు ముల్లులూ ప్లగ్గు రెండు పిన్నులకు తగిలించి, మిషన్ స్విచ్ ఆన్ చేయండి. మామూలు మోటారైతే కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల దాకా చూపిస్తుంది. ఇప్పుడు గార్డు దగ్గర మొదలుపెట్టి, జానెడు జానెడుగా కార్డును వంచుతూ ప్లగ్గు దాకా రండి. అంకె ఎక్కడ ఎగిరిపోతే తెగింది అక్కడ. స్పీడ్ కంట్రోల్ ఉన్న స్విచ్చులున్న మిషన్లలో ఈ పద్ధతిలో రీడింగ్ రాకపోవచ్చు. వాటికి మిషన్ విప్పి, కార్డు రెండు చివర్ల మధ్య ఒక్కో వైరుకూ విడిగా కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందా అని) చూసుకోవాలి.

కరెంటు ఇచ్చి, కార్డును ఊపుతూ పరీక్షించడం చాలాచోట్ల అలవాటు. దయచేసి మానేయండి. గ్రైండర్ స్లైడ్ స్విచ్ ముందుకు తోసి లాక్ చేసి ఉంటే, తెగిన పోగులు తగలగానే మిషన్ ఒక్కసారిగా తిరుగుతుంది. ఆ క్షణంలో డిస్కు ఎవరి చేతి దగ్గరో, కాలి దగ్గరో ఉంటుంది. పాడైన కార్డు వల్ల జరిగే ప్రమాదాలంటే షాక్ ఒక్కటే గుర్తొస్తుంది గానీ ఇలా మిషన్ తనంతట తాను లేవడం కూడా అంతే ప్రమాదం.

టేపు ఎక్కడి దాకా?

పైతొడుగు మీద గీత పడి, లోపలి రంగు వైర్లు కనిపించకపోతే, కొత్త కార్డు తెచ్చుకునే దాకా శుభ్రంగా తుడిచి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేసుకోవచ్చు. మామూలు పీవీసీ టేపు ఎండకు జిగురు కారి జారిపోతుంది, నీళ్ల పని దగ్గర అసలు నిలవదు. లోపలి బ్రౌన్ వైరో, బ్లూ వైరో కంటికి కనిపించిందంటే టేపు మాట వదిలేయండి.

తెగిన కార్డును మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టడం అన్నిటికంటే చెడ్డ మార్గం. సోల్డర్ చేసి, రెండు కీళ్లనూ ఎదురెదురుగా కాకుండా ఎడం పెట్టి, స్లీవ్ వేస్తే కరెంటుపరంగా పనిచేస్తుంది. కానీ సోల్డర్ పడ్డ చోట వైరు పుల్లలా గట్టిపడుతుంది, ఆ పుల్ల అంచున మళ్లీ తెగుతుంది. ఫ్యాన్ వైరులా కదలకుండా ఉండేదానికి అది చెల్లుతుంది. నేల మీద ఈడ్చే కార్డుకు చెల్లదు.

కోసి బిగించడమా, మొత్తం మార్చడమా?

తెగింది గార్డు దగ్గరే అయి, మిగతా కార్డు మెత్తగా, పగుళ్లు లేకుండా ఉంటే ఆ చివర 15 నుంచి 20 సెంటీమీటర్లు కోసేసి మళ్లీ బిగించడం మంచి ఎంపిక. కేబుల్ కొనాల్సిన పనే ఉండదు. మందం సరిపోతుందా, కంపెనీ వేసిందేనా అన్న అనుమానాలూ ఉండవు. కోసిన చివరలో రాగి ఎర్రగా మెరుస్తుంటే అలాగే వాడండి. నల్లబడి ఉంటే ఇంకో 10 సెంటీమీటర్లు కోసి చూడండి. అప్పటికీ నలుపే ఉంటే కేబుల్‌లోకి తేమో, వేడో చాలా దూరం వెళ్లిందన్నమాట. మొత్తం మార్చాల్సిందే.

కోశాక మిగిలే పొడవు కూడా చూడాలి. మన దగ్గర చాలా చేతి మిషన్లకు 2 నుంచి 2.5 మీటర్ల కార్డే వస్తుంది. ఒకటి రెండుసార్లు కోశాక మీటరున్నర కంటే తగ్గితే కొత్తది వేయండి. నిచ్చెన మీద నిలబడి స్లాబుకు డ్రిల్ చేస్తుంటే పొట్టి కార్డు ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ కలిసే చోటు గాల్లో వేలాడుతుంది. ఆ బరువంతా గార్డు మీదే పడుతుంది. కొత్త కార్డు ఎలాగూ వేస్తున్నాం కాబట్టి 4 మీటర్లు వేసుకోమని మా సలహా. ఎక్స్‌టెన్షన్ కలిసే చోటు నేల మీదే ఉంటుంది. టేబుల్ దగ్గరే పనిచేసే వడ్రంగి షాపుల్లో మాత్రం 4 మీటర్లు కాళ్లకు అడ్డం, అక్కడ రెండున్నర చాలు.

రబ్బరా, పీవీసీనా?

ఎలక్ట్రికల్ షాపులో "గ్రైండర్‌కు వైరు కావాలి" అంటే ఎక్కువసార్లు చేతికొచ్చేది పీవీసీ ఫ్లెక్సిబుల్. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అది అన్నిచోట్లా తప్పు కాదు. ఇంట్లో అప్పుడప్పుడు వాడే డ్రిల్లు, బ్లోవర్, జిగ్‌సా లాంటి వాటికి ఐఎస్ 694 ముద్ర ఉన్న గుండ్రటి పీవీసీ కేబుల్ సరిపోతుంది. రెండు వైర్లూ పక్కపక్కన అంటుకుని, పైతొడుగు లేకుండా వచ్చే సన్నటి ఫ్లాట్ వైరు మాత్రం ఏ చేతి మిషన్‌కూ వద్దు.

గ్రైండర్, కటింగ్ మిషన్, వెల్డింగ్ షాపు, గ్రానైట్ పని అంటే రబ్బరు కేబులే వేయండి. దీనికి కారణాలున్నాయి. మామూలు పీవీసీ 70 డిగ్రీల దాకా పనిచేసే పదార్థం. అప్పుడే కోసిన ఇనుప ముక్క దాని మీద పడితే కరిగి, లోపలి వైరు బయటపడుతుంది. రబ్బరు కమిలిపోతుంది గానీ కారిపోదు, తొడుగు నిలబడి కాసేపైనా కాపాడుతుంది. ఇంకోటి, పీవీసీకి చుట్టిన చుట్ట గుర్తుంటుంది. విప్పినా స్ప్రింగులా మెలికలు తిరిగే ఉంటుంది, ఆ మెలికలే గార్డు దగ్గర లాగుతాయి. రబ్బరు నేల మీద పడేస్తే పడినట్టే పడుకుంటుంది. చలి దేశాల్లో ఉంటున్నవాళ్లకైతే తేడా ఇంకా స్పష్టం. అక్కడి చలికి పీవీసీ కర్రలా బిగుసుకుంటుంది.

రబ్బరులోనూ అన్నీ ఒకటి కావు. ఇంజిన్ ఆయిల్, గ్రీజు తగిలే చోట మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఎండకు, ఓజోన్‌కు పగుళ్లిస్తుంది. నియోప్రీన్ అనే క్లోరోప్రీన్ తొడుగున్నది వీటన్నిటికీ మెరుగ్గా తట్టుకుంటుంది. మన ప్రమాణం ఐఎస్ 9968. దిగుమతి మిషన్ల కార్డు మీద హెచ్05 ఆర్ఎన్-ఎఫ్ అనో, హెచ్07 ఆర్ఎన్-ఎఫ్ అనో ముద్ర ఉంటుంది. రెండూ క్లోరోప్రీన్ తొడుగువే. హెచ్05 సన్నటిది, 0.75, 1 స్క్వేర్ (రాగి మందం, చదరపు మిల్లీమీటర్లలో) సైజుల్లోనే వస్తుంది. హెచ్07 బరువైన పనికి. "గట్టిది కదా" అని 4 అంగుళాల గ్రైండర్‌కు హెచ్07 తెస్తే గార్డు రంధ్రంలో పట్టదు. రెండు కోర్ల (లోపల రెండు వైర్లున్న) 1 స్క్వేర్ హెచ్05 బయటి మందం 6 నుంచి 8 మి.మీ. ఉంటుంది. అదే హెచ్07 అయితే 7.7 నుంచి 10 దాకా పోతుంది. పట్టలేదని గార్డును కోసి పారేసే వాళ్లున్నారు. ఆ పనితో కేబుల్ ఆయుష్షును అక్కడే తెంచేసినట్టు.

కాబట్టి షాపుకు పాత కార్డు ముక్క, గార్డు రెండూ పట్టుకెళ్లండి. కేబుల్‌ను గార్డులోకి దూర్చి చూడండి. కాస్త బిగుతుగా జారితే అదే సరైన మందం. వదులుగా ఊగితే క్లాంపు కూడా పట్టుకోదు.

ఎంత మందం రాగి?

మిషన్ ప్లేటు మీద వాట్లుంటాయి. దాన్ని 230తో భాగిస్తే ఆంపియర్లు. చేతి మిషన్ల కార్డుకు వాడే లెక్క ఇది: 6 ఆంపియర్ల దాకా కనీసం 0.75 చదరపు మిల్లీమీటర్లు, 6 నుంచి 10 దాకా 1, అక్కడి నుంచి 16 దాకా 1.5. షాపులో వీటినే పాయింట్ సెవెన్ ఫైవ్, వన్ స్క్వేర్, వన్ అండ్ హాఫ్ స్క్వేర్ అంటారు. పాత లెక్కలో అడిగే వాళ్లు 23/76, 40/76 అంటారు. అంటే 0.0076 అంగుళాల పోగులు 23 లేదా 40. మొదటిది సుమారు 0.67 స్క్వేర్, రెండోది సుమారు 1.17 స్క్వేర్‌కు వస్తుంది.

750 వాట్ల డ్రిల్లు తీసుకునేది 3.3 ఆంపియర్లు, 850 వాట్ల 4 అంగుళాల గ్రైండర్ 3.7. వీటికి పాయింట్ సెవెన్ ఫైవ్ చాలు. వన్ స్క్వేర్ గార్డులో పడితే అదే వేయండి. వేడి కోసం కాదు, పోగులు ఎక్కువుంటే తెగడానికి ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి. 1400 వాట్ల మార్బుల్ కట్టర్ 6.1 ఆంపియర్లు, అంటే గీత దాటేసింది, దానికి వన్ స్క్వేర్ తప్పనిసరి. 2200 వాట్ల 7 అంగుళాల గ్రైండర్ 9.6 ఆంపియర్లు. లెక్క ప్రకారం వన్ స్క్వేర్ సరిపోతుంది గానీ రోజంతా ఇనుము కోసే మిషన్‌కు అంచు మీద నిలబడే కేబుల్ వద్దు, ఒకటిన్నర వేయండి. 2400 వాట్ల 14 అంగుళాల చాప్ సా 10.4 ఆంపియర్లు, దానికి ఒకటిన్నర కంటే తక్కువ కుదరదు.

సన్నటి వైరు వేస్తే ఏమవుతుందో అంకెల్లో చూడండి. 9.6 ఆంపియర్లు 0.75 స్క్వేర్‌లో పారితే రెండు కోర్లూ కలిపి మీటరుకు దాదాపు 4.8 వాట్ల వేడి పుడుతుంది. 1.5 స్క్వేర్‌లో దాదాపు 2.5 వాట్లు. విప్పి నేల మీద వేసిన కార్డులో 4.8 వాట్లు గాలిలో కలిసిపోవచ్చు. చుట్టగా చుట్టి ఉంచితే ఆ వేడి బయటికి పోలేదు, ఒక చుట్టు ఇంకో చుట్టును వేడెక్కిస్తుంది. ఇంకో మాట. మన ప్లగ్గుల్లో ఫ్యూజు ఉండదు. 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ షార్ట్ సర్క్యూట్‌కు పడుతుంది గానీ, సన్నటి కార్డు నెమ్మదిగా కాలుతుంటే దానికి తెలియదు.

కార్డు మందం సరిచేసి ఎక్స్‌టెన్షన్ బాక్సును వదిలేయకండి. అదే 7 అంగుళాల గ్రైండర్‌ను 25 మీటర్ల 0.75 స్క్వేర్ ఎక్స్‌టెన్షన్ మీద నడిపితే ఒక్క ఎక్స్‌టెన్షన్‌లోనే 12 వోల్టులకు పైగా పోతాయి. సాయంత్రం పల్లెలో లైన్ వోల్టేజీ అసలే తక్కువుంటే మోటారు బరువుగా తిరిగి, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) వేడెక్కుతుంది. 1.5 స్క్వేర్ ఎక్స్‌టెన్షన్‌లో ఆ నష్టం ఆరున్నర వోల్టుల లోపే.

రెండు కోర్లా, మూడు కోర్లా?

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మిషన్ ప్లేటు మీద పెద్ద చదరంలో చిన్న చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేటెడ్ మిషన్. దానికి ఎర్త్ అక్కర్లేదు, రెండు కోర్ల కేబులే సరైనది. ఇప్పుడొచ్చే డ్రిల్లులు, గ్రైండర్లు, కట్టర్లలో ఎక్కువ ఇవే. ఆ గుర్తు లేకుండా, పాత కార్డులో ఆకుపచ్చ వైరు ఉంటే, అంటే పాత ఇనుప బాడీ డ్రిల్లులు, బెంచ్ గ్రైండర్లు, కొన్ని చాప్ సాలు, వాటికి మూడు కోర్లు తప్పనిసరి. షాపులో రెండు కోర్లదే ఉందని దాంతో సరిపెడితే, ఇన్సులేషన్ పోయిన రోజున బాడీ మొత్తం ఫేజు అవుతుంది.

దీనికి రివర్సు పొరపాటు ఇంకోటుంది. డబుల్ ఇన్సులేటెడ్ గ్రైండర్‌కు మూడు కోర్ల కేబుల్ తెచ్చి, మిగిలిపోయిన ఆకుపచ్చ వైరును "ఎర్త్ ఉంటే ఇంకా మంచిది" అని గేర్ హెడ్ (మిషన్ ముందుండే లోహపు భాగం) స్క్రూకు బిగించడం. వద్దు. ఆ మిషన్ రక్షణ అంతా లోహపు భాగాన్ని అన్నిటి నుంచీ దూరంగా ఉంచడంలోనే ఉంది. బిల్డింగ్ సైట్లలో ఎర్త్ ఎంత బాగుంటుందో అందరికీ తెలుసు. చాలాచోట్ల బాక్సులన్నిటి ఎర్త్ వైర్లూ కలిపి ఉంటాయి, భూమిలోకి పోయే తీగ మాత్రం తెగిపోయి ఉంటుంది. పక్కవాడి మిక్సర్ మోటారులో లీకేజీ వస్తే, ఆ ఎర్త్ వైరు గుండా వోల్టేజీ నేరుగా మీ చేతిలోని గేర్ హెడ్‌కు వస్తుంది. మూడు కోర్లదే దొరికితే ఆకుపచ్చను రెండు చివర్లలోనూ తొడుగు దగ్గరే కోసి, స్లీవ్ వేసి వదిలేయండి.

రంగులు: బ్రౌన్ ఫేజు, బ్లూ న్యూట్రల్, పసుపు గీతలున్న ఆకుపచ్చ ఎర్త్. కొన్ని దేశీ కేబుళ్లలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ ఉంటాయి. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. ఎర్త్ ఉన్న మిషన్లలో ఆకుపచ్చ వైరును మిగతా రెండింటి కంటే 2 సెంటీమీటర్లు పొడవుగా ఉంచండి. కార్డు ఎప్పుడైనా లాక్కుని ఊడితే ఎర్త్ చివరగా ఊడాలి.

కంపెనీ కార్డా, మీటరు లెక్కన కొన్నదా?

మిషన్ కంపెనీ స్పేర్ కార్డులో మౌల్డెడ్ ప్లగ్గు, సరైన మందం, చివర్లకు పిన్నులు అన్నీ సిద్ధంగా వస్తాయి. చాలా మోడళ్లకు గార్డు విడిగా స్పేర్‌గా దొరుకుతుంది. పాత గార్డు పగిలి ఉంటే అదీ అడగండి. వారంటీలో ఉన్న మిషన్‌కు ఇదే మార్గం, విప్పితే వారంటీ పోతుంది. పొడవు మాత్రం మీ ఇష్టం కాదు, వచ్చినంతే.

హైదరాబాద్‌లో ట్రూప్ బజార్, రాణిగంజ్ లాంటి చోట్ల మీటరు లెక్కన రబ్బరు కేబుల్ దొరుకుతుంది. పొడవు మీరు కోరినంత, రకం మీరు ఎంచుకున్నది. అక్కడ జాగ్రత్త పడాల్సింది రాగి విషయంలో. రాగి పూత పూసిన అల్యూమినియం పోగులు చూడటానికి రాగిలాగే ఉంటాయి. రాగి కంటే వాటి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే, వంపులకు త్వరగా తెగుతాయి. ఒక పోగును బ్లేడుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది. లైటర్ మంటలో పెడితే అల్యూమినియం పోగు కరిగి వంగిపోతుంది, రాగి ఎర్రగా కాగి నిలబడుతుంది. షాపులోనే ఒక్క పోగు లాగి చూడటానికి మొహమాట పడొద్దు. తొడుగు మీద ఐఎస్ఐ గుర్తు, సీఎం/ఎల్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా నడుస్తోందో తెలుస్తుంది.

కొన్ని మిషన్ల పుస్తకంలో కార్డును కంపెనీ సర్వీస్ సెంటరో, అర్హత ఉన్నవాళ్లో మాత్రమే మార్చాలని రాసి ఉంటుంది. ఆ మాట ఊరికే రాసింది కాదు. ఇప్పుడు చెప్పబోయే పనులు చదివాక మీకు నమ్మకం కుదరకపోతే మిషన్ అక్కడికే పంపండి.

బిగించే పని

ప్లగ్గు పీకి, కళ్ల ముందు పెట్టుకోండి. పీకిన వెంటనే పిన్నులు ముట్టుకోకండి, లోపలి కెపాసిటర్ చిన్న జర్క్ ఇవ్వొచ్చు. గ్రైండర్లలో చాలావాటికి వెనక కవర్ ఒకటి రెండు స్క్రూలతోనే వస్తుంది. డ్రిల్లులు రెండు పెంకుల్లా విడిపోతాయి. వాటికి స్టార్ బిట్ కావాలి, ఎక్కువగా టీ15 లేదా టీ20. పెంకు తీయగానే కార్బన్ స్ప్రింగులు ఎగిరిపోయే మోడళ్లున్నాయి, అందుకే నెమ్మదిగా ఎత్తి, ఏ వైరు ఏ గాడిలో ఉందో ఫోన్‌తో ఫోటో తీయండి. ఈ ఫోటో తర్వాత గంట సమయం మిగులుస్తుంది.

స్విచ్‌కు వైర్లు రెండు రకాలుగా ఉంటాయి. స్క్రూ రకం తెలిసిందే. స్ప్రింగు రకంలో వైరు పక్కన సన్నటి కన్నం ఉంటుంది. అందులోకి గడియారం స్క్రూడ్రైవర్ లేదా గట్టి సూది నెడితే స్ప్రింగు వదులుతుంది, వైరు తేలిగ్గా వస్తుంది. బలంగా లాగితే స్ప్రింగు వంగిపోయి స్విచ్ మొత్తం మార్చాల్సొస్తుంది. కెపాసిటర్ కాళ్లు కూడా అదే టెర్మినల్‌లో ఉంటే వాటి చోటు గుర్తుపెట్టుకుని తిరిగి పెట్టండి. "అది లేకపోయినా తిరుగుతుంది" అని పీకేయొద్దు. అది రేడియో, టీవీల్లోకి గోల పోకుండా ఆపే భాగం.

కొత్త కేబుల్‌ను ముందు గార్డులోంచి దూర్చండి. అన్నీ బిగించాక గార్డు బయటే మిగిలిపోవడం రోజూ జరిగే పొరపాటు. పైతొడుగు ఎంత పొడవు తీయాలో పాత కార్డు చూసి కొలవండి. కత్తితో చుట్టూ లోతుగా కోయకండి. సగం లోతు గీత పెట్టి, అక్కడ వంచితే రబ్బరు తనంతట తాను విడిపోతుంది. లోపలి వైరు మీద గాటు పడితే ఆ చివర కోసేసి మళ్లీ మొదలుపెట్టండి. రాగి చివర 8 నుంచి 10 మి.మీ. చాలు.

చివరను సోల్డర్‌లో ముంచాలా వద్దా అన్నది టెర్మినల్‌ను బట్టి. స్క్రూ కింద సోల్డర్ వద్దు. తగరం మెత్తటిది, ఒత్తిడికి నెమ్మదిగా జరుగుతుంది. నెలలు గడిచేసరికి స్క్రూ వదులై, అక్కడే కాలుతుంది. పోగుల్ని గట్టిగా మెలిపెట్టి పెట్టండి, పిన్ లగ్గు (కొసకు తొడిగే లోహపు గొట్టం) నొక్కి బిగిస్తే ఇంకా మంచిది. స్ప్రింగు టెర్మినల్‌లో మాత్రం విడి పోగులు విచ్చుకుని పక్కకు పోతాయి, అక్కడ లగ్గు వేయండి లేదా కొసను పలచగా తగరం చేయండి. పెట్టాక ఒక్కో వైరునూ వేలితో లాగి చూడండి. ఒక్క పోగు కూడా బయట వేలాడకూడదు.

ఇప్పుడు క్లాంపు. ఇది పైతొడుగు మీద బిగియాలి, లోపలి రంగు వైర్ల మీద కాదు. తొడుగు క్లాంపు దాటి లోపలికి కనీసం 5 మి.మీ. రావాలి. రెండు స్క్రూలూ సమానంగా, తొడుగు కొంచెం నొక్కుకునే దాకా బిగించండి. నలిగే దాకా కాదు. లోపల వైర్లకు కొంచెం వదులు ఉంచండి, బయట నుంచి లాగినప్పుడు టెర్మినల్ మీద బిగువు పడకూడదు. క్లాంపు పోయి ఉంటే కార్డుకు ముడి వేసి లోపల పెట్టే పద్ధతి ఒకటుంది. ఆ ముడిలోనే పోగులు తెగుతాయి. క్లాంపు చిన్న ప్లాస్టిక్ ముక్కే, స్పేర్ షాపులో అడిగి తెచ్చుకోండి. గార్డు కూడా బయటికి కేబుల్ మందానికి ఐదు రెట్లయినా సాగి ఉండాలి. 8 మి.మీ. కేబుల్‌కు 4 సెంటీమీటర్లు.

వైర్లను ఫోటోలో చూసిన గాడుల్లోనే పరచండి, ఆర్మేచర్ ఫ్యాన్‌కు తగలకూడదు. పెంకు మూసేటప్పుడు బలం అక్కర్లేదు. అంచుల మధ్య సందు మిగిలితే లోపల ఏదో వైరు నలుగుతోందని అర్థం. స్క్రూలతో ఆ సందును మూసేస్తే, ఆ వైరు ఇవాళ కాకపోతే నెల తర్వాత షాక్ ఇస్తుంది.

ప్లగ్గు

6 ఆంపియర్ల టాప్ (ప్లగ్గు) దాదాపు 1380 వాట్ల దాకానే. డ్రిల్లు, 4 అంగుళాల గ్రైండర్ దాని మీద హాయిగా నడుస్తాయి. 1400 వాట్ల కట్టర్‌ను కూడా చిన్న టాప్ మీదే నడపడం వల్లే సాకెట్ రంధ్రాలు నల్లబడుతున్నాయి. దానికీ, అంతకంటే పెద్దవాటికీ 16 ఆంపియర్ల టాప్ వేయండి. మౌల్డెడ్ ప్లగ్గు తడికి, దెబ్బలకు మేలు, పాడైతే విప్పలేం. విప్పే టాప్ కొంటే ఐఎస్ 1293 ముద్ర, లోపల కార్డును పట్టుకునే పట్టీ ఉండాలి. ఆ పట్టీని వదిలేసి బిగిస్తే బరువంతా పిన్ స్క్రూల మీద పడుతుంది. రెండు కోర్ల కార్డును మూడు పిన్నుల టాప్‌కు బిగిస్తే పై పెద్ద పిన్ను ఖాళీగా ఉంచండి.

యూఏఈ, ఖతార్ లాంటి చోట్ల పనిచేస్తున్నవాళ్లు అక్కడి చదరపు పిన్నుల ప్లగ్గు వేసుకునేటప్పుడు అందులో ఫ్యూజు ఉంటుందని గుర్తుంచుకోండి. 700 వాట్ల దాకా 3 ఆంపియర్లు, ఆ పైన 13.

మొదటిసారి ఆన్ చేసే ముందు

డిస్కు, బిట్టు తీసేయండి. మల్టీమీటర్‌తో మళ్లీ రెండు పిన్నుల మధ్య చూడండి. స్విచ్ ఆఫ్‌లో తెరిచి ఉండాలి, ఆన్‌లో మోటారు ఓమ్‌లు రావాలి. ఎర్త్ ఉన్న మిషన్‌లో ఎర్త్ పిన్ను నుంచి బాడీకి దాదాపు సున్నా రావాలి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) దొరికితే స్విచ్ ఆన్ చేసి, రెండు పిన్నులూ కలిపి, వాటికీ గేర్ హెడ్‌కీ మధ్య 500 వోల్టుల మీద చూడండి. 2 మెగాఓమ్‌ల కంటే తక్కువైతే ఆ మిషన్‌ను కరెంటుకు పెట్టకండి. వైండింగ్ షాపుల్లో చాలావరకు మెగ్గర్ ఉంటుంది, నిమిషం పని.

తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైన్ మీద నడపండి. గ్రానైట్ మీద నీళ్లు పోస్తూ కట్టర్ నడిపేవాళ్లకు ఇది ఎప్పుడూ ఉండాలి. మిషన్ డబుల్ ఇన్సులేటెడ్ అయినా సరే, తడి లోపలికి చేరాక ఆ ఇన్సులేషన్‌ను నమ్మలేం. లీకైన కరెంటు మనిషి గుండా నేలలోకి పారడం మొదలవగానే తెంపేది ఆర్‌సీసీబీయే. ఎంసీబీకి ఆ లీకేజీ కనపడదు.

పది నిమిషాలు పని చేయించి, ప్లగ్గు పీకి, మూడు చోట్ల చేత్తో తాకి చూడండి: ప్లగ్గు, గార్డు మొదలు, స్విచ్ ఉండే చోటు. కార్డు గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. ప్లగ్గు చేయి పెట్టలేనంత కాలితే పిన్ స్క్రూలు వదులు, లేదా సాకెట్‌దే తప్పు. గార్డు దగ్గర మాత్రమే వేడి ఉంటే, క్లాంపు కింద కేబుల్ నలిగింది. మళ్లీ విప్పండి. సాయంత్రం మిషన్ సర్దేటప్పుడు కార్డును బాడీకి బిగుతుగా చుట్టకుండా, గార్డు దగ్గర పిడికిలంత వదులు వలయం వదిలి చుట్టండి.